పుల్లరి నుంచి ఇంటర్నెట్ దాకా

ఈమధ్య తెలుగు పత్రికాభాషలోకి వచ్చి స్థిరపడిన మాటల్లో ‘అంకుర సంస్థ’ ఒకటి. ఇంగ్లీషు ‘స్టార్టప్’కి ఇది అనువాదం. రైతు భాషలోంచి తీసుకున్న మాట కనుక పల్నాటిలాంటి ప్రాంతంలో ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. అయితే అంకురం అనగానే రైతుకి మరి నాలుగు ప్రశ్నలు కూడా తోస్తాయి. పొలం ఎవరిది? విత్తనం ఎవరిది? చాకిరీ ఎవరిది? కల్లంలో రాసి ఎవరి గరిసెలోకి పోతుంది? పత్రికల్లో వచ్చే అంకుర సంస్థల కథల్లో ఈ నాలుగు ప్రశ్నలూ కనిపించవు. ఒక తెలివైన యువకుడు, అతనికి తట్టిన ఒక ఆలోచన, కొన్నాళ్ళ కష్టం, చివరికి కోట్లు. కాశీమజిలీ కథల్లో రాజకుమారుడి కథకీ దీనికీ నిర్మాణంలో పెద్ద తేడా లేదని సాహిత్య విద్యార్థులు సులభంగానే గుర్తుపట్టగలరు.

వ్యక్తి ప్రతిభను కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఏ పునాది మీద నిలబడి ఆ ప్రతిభ పని చేసింది, ఆ పునాదిని ఎవరి శ్రమ నిర్మించింది, దాని చుట్టూ కంచె ఎప్పుడు పడింది అన్నవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలు. వీటిని అడగటానికి తగిన కొలబద్ద పల్నాటి చరిత్రలోనే ఉంది. దాని పేరు పుల్లరి.

పుల్లరి నేర్పిన పాఠం

గురజాల అనగానే మనకి పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధమే గుర్తొస్తుంది. నలగామరాజు రాజధాని, నాయకురాలు నాగమ్మ మంత్రాంగం, కోడిపోరు, కారెంపూడి రణరంగం – వీటి మీద వీరగాథలు, నాటకాలు, సినిమాలు వచ్చాయి. కాని ఆధునిక ఆర్థిక చరిత్ర దృష్టితో చూస్తే ఈ సీమలో అంతకన్నా ముఖ్యమైన ఘట్టం 1921–22 నాటి పుల్లరి సత్యాగ్రహం.

1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం అడవుల మీద ప్రభుత్వానికి యాజమాన్యం కట్టబెట్టింది. అప్పటిదాకా పశువుల్ని అడవిలోకి తోలుకుపోవడం, వంటచెరకు తెచ్చుకోవడం పల్లెల వాడుక. చట్టం తర్వాత ఆ వాడుక నేరమో, లేక రుసుము చెల్లించి పొందవలసిన అనుమతో అయింది. పశువు మేసినందుకు కట్టే ఆ పన్నే పుల్లరి. సహాయ నిరాకరణోద్యమ కాలంలో పల్నాటి రైతులు పుల్లరి కట్టబోమన్నారు. అటవీ అధికారుల్ని సాంఘికంగా వెలివేశారు. దుర్గి ప్రాంతపు మించాలపాడుకి చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రభుత్వ బలగాల కాల్పులకి బలయ్యాడు. ఈ ఉద్యమంలో పనిచేసి జైలుకి వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో ‘మాలపల్లి’ రాశారు. తెలుగు నవలా చరిత్రలో అంత పెద్ద మలుపుకి పల్నాటి అడవి గట్టున జరిగిన పోరాటంతో సంబంధం ఉందన్న సంగతి మన పాఠ్యగ్రంథాలు తగినంతగా చెప్పలేదు.

పుల్లరి లక్షణాలు మూడు. మొదటిది, అందరూ వాడుకుంటున్నదాని మీద ఒకరి హక్కు స్థాపితం కావడం. రెండవది, దానిలోకి వెళ్ళే దారిలో ఒక గేటూ ఒక కాపలాదారూ వెలియడం. మూడవది, రుసుము ఎంతన్నది కట్టేవాడితో సంప్రదించకుండా వసూలు చేసేవాడే నిర్ణయించడం. ఈ మూడింటినీ మనసులో ఉంచుకుని ఇంటర్నెట్ చరిత్రలోకి వెళదాం.

ప్రజాధనంతో దున్నిన పొలం

ఇంటర్నెట్ ఏ వ్యాపారి పెట్టుబడితోనూ పుట్టలేదు. 1969లో అమెరికా రక్షణశాఖ నిధులతో, విశ్వవిద్యాలయాల పరిశోధకుల శ్రమతో ‘ఆర్పానెట్’ మొదలయింది. యుద్ధ సన్నాహాల డబ్బు అది. ఐనా దాన్ని పెంచిన విద్వాంసులు పరస్పరం పంచుకునే పద్ధతిలోనే పెంచారు. 1983 నాటికి భిన్నమైన యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి నియమావళి అమల్లోకి వచ్చింది. యూరపు దేశాల ప్రభుత్వాలు నడిపే సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను రూపొందించాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. మానవ చరిత్రలో అతిపెద్ద ఉమ్మడి బీళ్ళలో ఒకటి అలా ఏర్పడింది.

సరిగ్గా రెండేళ్ళకి, 1995 ఏప్రిల్ 30న, అమెరికా ప్రభుత్వ ధనంతో నడిచిన ప్రధాన జాలం ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌ని మూసి, ఆ రాకపోకల్ని ప్రైవేటు కంపెనీలకి వదిలారు. అదే ఏడాది ఆగస్టు 9న నెట్‌స్కేప్ అనే కంపెనీ వాటాలు బజారుకి వచ్చాయి. 28 డాలర్లకి అమ్మిన వాటా ఆ సాయంత్రానికి 58 డాలర్లు దాటింది. ఆ కంపెనీ చేసిన సరుకుకి మూలం ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ నిధులతో తయారైన ‘మొజాయిక్’. గూగుల్ కూడా స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ప్రభుత్వ నిధులు పొందిన పరిశోధనలో భాగంగా చేసిన పని నుంచే 1998లో కంపెనీగా అవతరించింది. దున్నింది ప్రజాధనం. పంట మీద పేరు కంపెనీలది.

ఆ తర్వాత జరిగింది కోడిపందెం. సాహసపు పెట్టుబడి అని మర్యాదగా పిలుచుకునే ‘వెంచర్ క్యాపిటల్’ పద్ధతి ఇది: పది సంస్థల మీద పందెం కాస్తారు. నష్టానికి సరుకో సేవో అమ్మమని ప్రోత్సహిస్తారు. పోటీలో ఉన్నవాళ్ళు కూలిపోయాక మిగిలిన ఒక్కటీ గుత్తాధిపత్యం సంపాదించి, పోయిన తొమ్మిదింటి ఖర్చూ రాబడుతుంది. పందెంలో చచ్చేది కోడే గాని కాసినవాడు కాదు. 2000 మార్చి 10న 5,048 దగ్గర ఉన్న అమెరికా నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబరు నాటికి నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. పందెం పాక మాత్రం మూతపడలేదు.

తెలుగు పెట్టుబడి తోవ

మన దేశంలో ప్రజలకి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వరంగ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. 1998లో ఈ రంగాన్ని ప్రైవేటు వారికి తెరిచారు. ఆ నవంబరులోనే రంగంలో దిగిన సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో నాస్‌డాక్‌లో నమోదైన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అయింది. మరుసటి నెలలో ‘ఇండియా వరల్డ్’ అనే వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్ల రూపాయలకి కొంటున్నట్లు ప్రకటించింది.

దాని మాతృసంస్థ సత్యం కంప్యూటర్స్. 1987లో దాన్ని స్థాపించిన బైర్రాజు రామలింగరాజు పశ్చిమ గోదావరి వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చాడు. ఇది యాదృచ్ఛికం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా భూముల మిగులు తరతరాలుగా పోగుపడి రైసు మిల్లుగా, సినిమాగా, కాంట్రాక్టుగా, ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీగా, చివరికి కంప్యూటర్ కంపెనీగా రూపం మార్చుకుంటూ వచ్చింది. అదే కృష్ణానది ఒడ్డున ఉన్న పల్నాడు మాత్రం నాగార్జునసాగర్ కాలువ నీళ్ళ కోసం 1967 దాకా ఎదురుచూసింది. డెల్టాకీ పల్నాటికీ నడుమ నూరేళ్ళకి పైబడిన ఈ ఎడమే, ఒకచోట కంపెనీ యజమాని తయారుకావడానికీ మరొకచోట ఆ కంపెనీల్లో ఉద్యోగార్థి తయారుకావడానికీ ఉన్న భౌతిక కారణాల్లో ఒకటి.

ఆ రోజుల్ని మరోవైపు నుంచి కూడా చూడాలి. 1997–98లో వరంగల్, గుంటూరు జిల్లాల పత్తిరైతులు పురుగుమందు తాగి చనిపోయారు. 1998 నవంబరులో హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రారంభమయింది. ఈ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాది వ్యవధిలో జరిగాయి. ఒకదాని గురించి మన కథకులు రాశారు. రెండోదాని గురించి ప్రభుత్వ కరపత్రాలు రాశాయి. రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టి రాసినవి తక్కువ.

2009 జనవరి 7న రామలింగరాజు తన రాజీనామా లేఖలో, కంపెనీ ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నాడు. నీతి పాఠంగా చెప్పుకోవలసిన వ్యక్తి కథ అని దాన్ని అప్పుడు కొట్టిపారేశారు. కాని లాభం కన్నా లాభం వస్తుందన్న నమ్మకమే సరుకుగా చెలామణి అయ్యే వ్యవస్థలో, ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడానికి అంకెలు వండడం వ్యవస్థకి బయటి వికారమేమీ కాదు.

టిక్కెట్టు, పులిహోర పొట్లం

మన పాఠకులకి దగ్గరగా ఉన్న రెండు ఉదాహరణలు తీసుకుందాం.

2005 దీపావళికి బెంగుళూరు నుంచి హైదరాబాదు రావడానికి బస్సు టిక్కెట్టు దొరక్క ఫణీంద్ర సామ అనే ఇంజనీరు చాలా ఏజెన్సీలు తిరిగాడు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో ఒక్క ఏజెంటుకీ పూర్తిగా తెలియదని అతను గ్రహించాడు. మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలతో కలిసి 2006లో ‘రెడ్‌బస్’ ప్రారంభించాడు. చెల్లాచెదరుగా ఉన్న సమాచారాన్ని ఒక చోటికి చేర్చడం నిజమైన సామాజిక ప్రయోజనం. దానిని గుర్తించకపోతే మన విమర్శ నిజాయితీ లేనిదవుతుంది.

కాని 2013లో ఆ సంస్థ ఐబిబో అనే కంపెనీకి అమ్ముడుపోయింది. ఐబిబో వెనుక ఉన్నది దక్షిణాఫ్రికాకి చెందిన నాస్పర్స్. రచయితలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. నాస్పర్స్ 1915లో ఆఫ్రికానర్ జాతీయవాదుల పత్రికాసంస్థగా పుట్టింది. ఆ సంస్థ నడిపిన ‘ది బర్గర్’ దినపత్రికకి మొదటి సంపాదకుడు డి.ఎఫ్. మలాన్. అదే మలాన్ 1948లో ప్రధానమంత్రి అయి వర్ణవివక్షను రాజ్యవిధానం చేశాడు. ఆ పత్రికలు దశాబ్దాల తరబడి ఆ విధానాన్ని మోశాయి. 2015లో ఆ సంస్థ పత్రికా విభాగం అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. నాస్పర్స్ 2001లో 3 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టి చైనా సంస్థ టెన్సెంట్‌లో దాదాపు సగం వాటా కొన్నది. ఆ పందెం వేలరెట్లు ఫలించింది. ఆ లాభంలో కొంత మన తెలుగు కుర్రవాళ్ళ సంస్థల్లోకి ప్రవహించింది. వర్ణవివక్షను సమర్థించిన అక్షరం నుంచి పల్నాటి ప్రయాణికుడి బస్సు టిక్కెట్టు దాకా పెట్టుబడి నడిచిన తోవ ఇది.

రెండోది ‘స్విగ్గీ’. విజయవాడకి చెందిన మజేటి శ్రీహర్ష, నందన్ రెడ్డి, రాహుల్ జైమిని 2014లో బెంగుళూరులో ప్రారంభించారు. 2017లో నాస్పర్స్ దీనిలోనూ పెట్టుబడి పెట్టింది. 2024 నవంబరు 13న వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదయ్యాయి. జనం నుంచీ సంస్థల నుంచీ సేకరించ తలపెట్టిన మొత్తం 11,327 కోట్ల రూపాయలు.

ఇప్పుడు పుల్లరి లక్షణాల్ని ఇక్కడ పరీక్షించి చూడండి. వీధిలో హోటలు ఎప్పటినుంచో ఉంది. తినేవాడున్నాడు. మోసుకెళ్ళే కుర్రవాడున్నాడు. ముగ్గురి మధ్యా గేటు వెలిసింది. గేటు దాటిన ప్రతి పులిహోర పొట్లం మీదా హోటలువాడు కమిషన్ కడతాడు, తినేవాడు రుసుము కడతాడు. మోసేవాడికి ఎంత ముట్టాలో గేటే నిర్ణయిస్తుంది. బండి అతనిది, పెట్రోలు అతనిది, ఫోను అతనిది, ఎండా వానా అతనివి. అతన్ని ‘కార్మికుడు’ అనరు, ‘భాగస్వామి’ అంటారు. మిరప చేలో కూలికి వెళ్ళిన మనిషికి మేస్త్రీ కళ్ళెదుట కనిపిస్తాడు. అతనితో తగాదా పడవచ్చు, బతిమాలుకోవచ్చు, అందరూ కలిసి పని ఆపవచ్చు. ఈ కుర్రవాడి మేస్త్రీ కంటికి కనబడని లెక్క. ఒకరోజు ఫోన్లో ఖాతా మూసుకుపోతే ఎవరి గడప తొక్కాలో అతనికి తెలియదు.

బ్రహ్మనాయుడి చాపకూడు ఈ నేల మీద పుట్టిన భావన. కులాల వారీగా విడిపోయిన మనుషుల్ని ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం తినిపించాలన్న తలంపు అది. దాని చారిత్రకత ఎంతైనా, ఆ భావన శతాబ్దాలుగా పల్నాటి జ్ఞాపకంలో బతికింది. వండినవాడు, మోసినవాడు, తిన్నవాడు ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేని ఏర్పాటును అభివృద్ధి అంటున్నప్పుడు ఆ చాప ఏమయిందని అడిగే హక్కు పల్నాటి వారికి ఉంది.

పోలిక హద్దులు

ఏ పోలికకైనా హద్దులుంటాయి. అడవి తనంతట తాను పెరిగింది. సాఫ్ట్‌వేర్ మనుషులు శ్రమపడి తయారుచేసింది. దాన్ని రాసిన ఇంజనీర్లలో చాలామంది మనలాంటి కుటుంబాల పిల్లలే. అలాగే ఊళ్ళో పనిలేని యువకుడికి పట్నంలో ఆ బండే ఆసరా అయిందన్నది కూడా నిజమే. యంత్రాన్ని ద్వేషించడం అభ్యుదయ దృక్పథం ఎన్నడూ కాలేదు. యంత్రం ఎవరి చేతిలో ఉందన్నదే మన ప్రశ్న.

కంచె లేకుండా నడపడం అసాధ్యమనే వాదానికి జవాబు గురజాల టీ బడ్డీలోనే కనిపిస్తుంది. గాజు సీసాల పక్కన అతికించిన చుక్కల గడుల అట్ట యూపీఐ చెల్లింపులకి గుర్తు. 2016లో దీన్ని ప్రవేశపెట్టింది రిజర్వుబ్యాంకు చొరవతో ఏర్పడిన, బ్యాంకుల ఉమ్మడి సంస్థ. ఎవరి బ్యాంకు ఏదైనా డబ్బు ఒకరి నుంచి ఒకరికి చేరే ఈ దారి ఉమ్మడి దారిగానే వేశారు. ఐతే ఆ దారి మీద నడిచే బండ్లలో అత్యధికం రెండే కంపెనీలవి. ఒకటి గూగుల్‌ది, రెండోది వాల్‌మార్ట్ చేతిలో ఉన్న ఫోన్‌పే. దారి ఉమ్మడిదైనంత మాత్రాన కంచె పడదని ధీమా పనికిరాదనడానికి ఇది రుజువు.

పుల్లరి కాలంలోలాగే ఇప్పుడూ కదలిక ఉంది. దేశంలో ఇలాంటి పనుల్లో 2020–21 నాటికి 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో లెక్క కట్టింది. హైదరాబాదుతో సహా అనేక నగరాల్లో వీళ్ళు సంఘాలు పెట్టుకున్నారు, సమ్మెలు చేశారు. రాజస్థాన్ 2023లో వీరికోసం చట్టం చేసింది. 2020 నాటి కేంద్ర సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు వార్షిక వ్యాపారంలో ఒకటి రెండు శాతం నిధికి జమకట్టాలని అది చెబుతోంది. అడిగినవాళ్ళు ఉండబట్టే ఈ మాత్రమైనా కాగితం మీదికి వచ్చింది.

అక్షరాల బీడు

రచయితలుగా మనకి సూటిగా తగిలే భాగం ఒకటి మిగిలింది. ఇంటర్నెట్లో తెలుగుకి చోటు ఏ అంకుర సంస్థా సంపాదించి పెట్టలేదు. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు చర్చావేదికల్లో తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసుకుంటూ, రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. 1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’ ఖతిని చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయింది. 2006లో వీవెన్ చేసిన ‘లేఖిని’ వల్ల ఎవరైనా తెలుగు లిపిలో రాయడం సాధ్యమయింది. నిఘంటువుల్ని, కావ్యాల్ని ‘ఆంధ్రభారతి’ అందరి ముందూ పెట్టింది. ఇదంతా రాత్రిళ్ళు మేలుకుని, జీతం లేకుండా, లాభం ఆశించకుండా చేసిన చాకిరీ. పది గ్రామాలవాళ్ళు కలిసి చెరువు తవ్వుకోవడంలాంటిది.

ఈనాడు తెలుగు రాతలో అధికభాగం ఆ చెరువు గట్టున జరగడం లేదు. మనం మన కవితల్ని, వాదాల్ని విదేశీ కంపెనీల గోడల మీద రాస్తున్నాం. పాఠకుడికి ఏది కనిపించాలో ఆ కంపెనీ లెక్క నిర్ణయిస్తుంది. కొత్తగా వచ్చిన మాటలమ్మే యంత్రాలు స్వచ్ఛందంగా పోగుచేసిన ఆ తెలుగునే మేసి పెరుగుతున్నాయి. ఇక్కడ పుల్లరి తిరగబడింది: మేసేది కంపెనీ పశువు, బీడు మనది, రుసుము మాత్రం మళ్ళీ మనమే కట్టాలి.

వినుకొండలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ ప్రచురించినప్పుడు సందేశ కావ్యాన్ని తలకిందులు చేశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే, గుడిలోకి రానివ్వని మనిషికి గుడిలోకి వెళ్ళగల గబ్బిలం దూత అయింది. కబురు మోసేదెవరు, ఎవరి కబురు చేరుతుంది, ఏ ద్వారం ఎవరికి మూసి ఉంది అని జాషువా అడిగిన ప్రశ్నలే ఈనాటి కబుర్ల వ్యవస్థని కూడా అడగవలసినవి.

కాబట్టి ఈ రంగం గురించి రాయడం సాంకేతికులకి వదిలిపెట్టవలసిన పని కాదు. వీపున సంచీతో మెట్లెక్కే కుర్రవాడి భాష, ఖాతా మూసుకుపోయిన రాత్రి అతని ఇంట్లో మాటలు, కమిషన్ కట్టలేక పొయ్యి ఆర్పిన హోటలుదారు లెక్క, జీతం లేకుండా తెలుగు ఖతి చెక్కిన మనిషి ఓపిక – ఇవి మన కథల్లోకి, నవలల్లోకి రావలసి ఉంది. సాహిత్య విద్యార్థులు పరిశోధనాంశాల కోసం వెతుకుతుంటారు. తెలుగు ఇంటర్నెట్ తొలి పాతికేళ్ళ చరిత్రకి సాక్షులైన వారు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. వారి జ్ఞాపకాల్ని ఇప్పుడే నమోదు చేయాలి. పల్నాటి అడవి తగాదా జైలు గదిలో ‘మాలపల్లి’ కావడానికి ఎక్కువకాలం పట్టలేదు. ఈ కొత్త పుల్లరికి నవల ఇంకా రావలసే ఉంది.